ఇంజను పీల్చెడి గాలిని తూచుట ఎట్లు?

తిరువళ్లూరు, తిరుత్తణి మార్గమున దినమెల్ల పరుగులిడు కార్లను చూచి, అవి పెట్రోలుతో నడచుచున్నవని మనమందఱము అనుకొందుము. ఆ మాట సగము మాత్రమే నిజము. ఒక గ్రాము పెట్రోలు చక్కగా కాలుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. ఇంజను ఆహారములో పెట్రోలు ఊరగాయ వంటిది, అన్నము గాలియే. గాలి చాలనిచో పెట్రోలు పూర్తిగా కాలక నల్లని పొగగను, విషవాయువగు కార్బన్ మోనాక్సైడుగను వెలువడును. గాలి మిక్కుటమైనచో ఇంజను బలము తగ్గి తడబడును. పొగగొట్టమునందలి శుద్ధిపరికరము కూడ ఈ పాలు సరిగా నున్నప్పుడే తన పని చేయగలదు.

పూర్వము ఈ పాలును కార్బురేటరు కుదిర్చెడిది. గాలి ఇరుకైన కంఠముగుండ వేగముగా పోవునప్పుడు అచట పీడనము తగ్గును. ఆ లాగుడుకు పెట్రోలు తానై పైకి వచ్చి గాలితో కలియును. చౌకయైన ఉపాయమే గాని, కొలత ముతక. మన ప్రాంతమున ఆ కాలము ముగియుట 1998 ప్రాంతమున కన్నులార చూచితిమి. ఆ యేడు శ్రీపెరుంబూదూరు చెంత ఇరుంగాట్టుకోటలో హ్యుండాయి వారి శాంట్రో, మన తిరువళ్లూరు హిందూస్థాన్ మోటార్స్ కర్మాగారమున మిట్సుబిషి లాన్సరు తయారై వెలువడినవి. ఆ తిరువళ్లూరు కర్మాగారమునుండియే 2021 లో సిట్రోయెన్ కార్లు బయలుదేరినవి. వీనిలో పెట్రోలును చిన్న కంప్యూటరు లెక్క చూచి చిమ్మించును. అయితే లెక్క చూచుటకు గాలి ఎన్ని గ్రాములు వచ్చుచున్నదో దానికి తెలియవలెను గదా! కంటికి కనబడని గాలిని, పరుగెత్తుచుండగా, తూచుట ఎట్లు?

దీనికి మన జిల్లాలోనే మంచి దృష్టాంతమున్నది. 1983 నాటి ఒడంబడిక ననుసరించి కృష్ణాజలములు 1996 నుండి కండలేరు కాలువగుండ పూండి జలాశయమునకు వచ్చుచున్నవి. ఊత్తుకోట దాపున, ఆంధ్ర తమిళనాడుల పొలిమేరలో, జనులు 'జీరో పాయింటు' అనుచోట సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు దాటుచున్నదో కొలుతురు. ఇది ఒక మార్గము: వచ్చుదారిలో నిలిచి వచ్చుదానిని కొలుచుట. రెండవ మార్గము, పూండిలో నీటిమట్టము చూచి, ముందే వ్రాసియుంచిన పట్టికనుబట్టి నీరెంతయో ఊహించుట. ఇంజను గాలిని కొలుచుటకును ముఖ్యముగా ఈ రెండు మార్గములే కలవు.

మొదటి మార్గమున తొలుత వచ్చినది రెక్క పద్ధతి. జర్మనీ దేశపు బాష్ సంస్థ 1970 తరువాతి యేండ్లలో తెచ్చినది. గాలిదారికి అడ్డముగా స్ప్రింగు గల తలుపు వంటి రెక్క యుండును; గాలి త్రోసినకొలది అది తెరచుకొనును; ఎంత తెరచుకొన్నదో విద్యుత్తు తెలుపును. సులభమే, కాని ఆ రెక్క గాలికే అడ్డము. పైగా అది తెలుపునది గాలి బరువును కాదు. మిట్సుబిషివారు తమ పెక్కు ఇంజనులలో మఱియొక చమత్కారము వాడిరి. ఏటినడుమ నాటిన గుంజ వెనుక సుడులు కుడియెడమలుగా విడివడుచుండుట మనము చూచినదే. ఆ సుడులకు కార్మన్ అను శాస్త్రజ్ఞుని పేరున్నది. గాలిదారిలో చిన్న కంబము నిలిపి, సెకనుకు ఎన్ని సుడులు లేచినవో లెక్కించిన గాలివేగము తెలియును.

అన్నిటికంటె మాకు నచ్చినది వేడితీగ పద్ధతి. పాలను చల్లార్చుటకు ఊదుదుము. గట్టిగా ఊదినకొలది త్వరగా చల్లారును. సన్నని ప్లాటినము తీగను విద్యుత్తుతో వేడిచేసి గాలిదారిలో నిలిపినచో, గాలి దానిని చల్లార్చుచుండును. గాలికంటె తీగ ఇన్ని డిగ్రీలు వేడిగా నుండవలెనని నియమము పెట్టి, ఆ వేడి తగ్గకుండ విద్యుత్తు పెంచుచు పోవుదురు. ఎంత విద్యుత్తు కావలసివచ్చెనో అదియే గాలి కొలత. ఇందలి సొగసు ఏమనగా, చిక్కనిగాలి వేడిని ఎక్కువ తీసికొనును, పలుచనిగాలి తక్కువ. కనుక ఇది ఘనపరిమాణమును గాక ద్రవ్యరాశినే సూటిగా తెలుపును. తీగపై దుమ్ము పేరుకొనిన మాత్రము కొలత తప్పును. బాష్ వారు ఇంజను ఆపిన పిమ్మట తీగను క్షణకాలము ఎఱ్ఱగా కాల్చి మసిని పోగొట్టు ఏర్పాటు చేసిరి. తరువాత తీగకు బదులు పలుచని పొర వాడుకలోనికి వచ్చినది.

ఇక రెండవ మార్గము. ఇంజనులోనికి పోవు గొట్టమునందలి పీడనమును 'మ్యాప్ సెన్సారు' కొలుచును. గాలి ఉష్ణోగ్రతను వేఱొకటి తెలుపును. ఇంజను నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో తెలిసినదే. తక్కినది తరగతిలో చదివిన వాయు సమీకరణమే! 1500 ఘన సెంటీమీటర్ల ఇంజను రెండు చుట్లకు ఒకసారి 1.5 లీటర్లు పీల్చవలెను. నిమిషమునకు 3000 చుట్లయిన 2250 లీటర్లు. కాని సిలిండరు పూర్తిగా నిండదు. థ్రాటిల్ అంతయు తెరచినప్పుడు నూటికి 80 పాళ్లు నిండునని అనుకొందము. అప్పుడు 1800 లీటర్లు; లీటరుకు 1.18 గ్రాముల చొప్పున సుమారు 2124 గ్రాములు. దానిని 14.7 చేత భాగించిన నిమిషమునకు 144 గ్రాముల పెట్రోలు. ఆ 'నూటికి 80' అనునది సెన్సారు చెప్పునది కాదు, తయారీదారు పరీక్షించి పట్టికలో వ్రాసినది. వాల్వులు అరిగినను, ఇంజనులో మార్పులు చేసినను పట్టిక అబద్ధమగును. పూండి అడుగున మేట వేసిన పిమ్మట పాత పట్టిక చెప్పు నీటిలెక్క వంటిదే ఇది.

లీటర్లు చాలవా, గ్రాములెందుకని అడుగవచ్చును. మార్గశిరపు ఉదయమున 20 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి 1.204 కిలోగ్రాములు; మే నెల తిరుత్తణి ఎండలో 40 డిగ్రీల వద్ద 1.127. నూటికి ఆరు పాళ్ల పైచిలుకు భేదము. తిరుత్తణినుండి నగరి, పుత్తూరుల మీదుగా పోయి తిరుమల కొండ నెక్కినచో గాలిపీడనము ఇంచుమించు పదవవంతు తగ్గును. వేడితీగ ఈ మార్పులను తానే గ్రహించును. మ్యాప్ సెన్సారు పీడనమును చూచి లెక్క సరిచేసికొనును. రెక్కకు మాత్రము వేఱొకరి సహాయము లేనిదే తెలియదు.

భాషోపాధ్యాయులకు ఈ గొడవ యేల అందురేమో! ఆంధ్రదేశమున శిక్షణ పొంది ఈ సీమకు వచ్చిన మాకు ఒకటి కనబడుచున్నది. మా పిల్లలలో కొందఱు ఐ.టి.ఐ.లకు పోయి, అచట మాటలన్నియు తమిళమునను ఇంగ్లీషునను వినబడగా, తాము చదివినదే తమ యెదుట నున్నదని గుర్తింపజాలకున్నారు. తమిళులు 'అడర్త్తి' యన్నను మనము సాంద్రత యన్నను వస్తువు ఒక్కటియే. ఈ గుర్తింపు లేనివాడు పని నేర్చినను, కారణము నేర్వడు.

కారణము తెలియకున్న నష్టపడువాడు టాక్సీ నడిపి బ్రతుకువాడు. వేడితీగకును ఇంజనుకును నడుమనున్న రబ్బరు గొట్టము చీలినదనుకొందము. ఆ చీలికగుండ దూరిన దొంగగాలి తీగ కంటబడదు. పెట్రోలు తక్కువ పడి ఇంజను తడబడును. కారణమెఱుగని మెకానిక్కు మంచి సెన్సారును తీసి క్రొత్తది వేయును. వేల రూపాయలు పోవును, తడబాటు పోదు. అదే మ్యాప్ సెన్సారు కారులో దొంగగాలి దూరిన పీడనము పెరుగును, కంప్యూటరు దానికి తగిన పెట్రోలు పోయును. అప్పుడు ఇంజను తడబడుటకు మాఱుగా ఊరకున్నప్పుడు గూడ వేగముగా తిరుగును. జబ్బు ఒక్కటియే, లక్షణములు రెండు. పొగగొట్టమునందలి ఆక్సిజను సెన్సారు ఈ తప్పులను కొంతవఱకు దిద్దును గాని, అది కాలిన తరువాత చెప్పు సాక్షి. రెండు సెన్సార్లను పెట్టుకొన్న కార్లును కలవు.

కనుక బానెట్టు ఎత్తినవాడు మొదట గొట్టమును వ్రేళ్లతో తడిమి, గాలివడపోతను విప్పి చూడవలెను. పిమ్మట తాళము త్రిప్పి, ఇంజను నడపకముందు మ్యాప్ సెన్సారు ఏమి చెప్పుచున్నదో చదువవలెను. తిరుత్తణిలో అది సుమారు 100 కిలోపాస్కళ్లు, తిరుమలలో సుమారు 91 చెప్పవలెను. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు 30, 40 ల నడుమకు దిగవలెను.