పిల్లల పేస్ బౌలింగ్: అపోహలు – వాస్తవాలు

అపోహ: పిల్లల ఒళ్లు సాగుతుంది, ఎన్ని ఓవర్లు వేసినా ఏమీ కాదు.

ఫాస్ట్ బౌలింగ్ విషయంలో ఇంతకు మించి హాని చేసే నమ్మకం మరొకటి లేదు. ముందుకాలు నేలను తాకగానే శరీర బరువుకు ఎన్నో రెట్ల ఒత్తిడి ఆ కాలి గుండా నడుముకు చేరుతుంది. సరిగ్గా అప్పుడే నడుము వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలి తిరుగుతుంది. ఆ దెబ్బంతా వెన్నుపూస వెనక ఉండే సన్నటి ఎముక మీద పడుతుంది. కుడిచేత్తో వేసే బౌలర్‌కు ఎక్కువగా ఎడమవైపు ఎముకే చిట్లుతుంది. నడుము ఎముకలు పూర్తిగా గట్టిపడాలంటే ఇరవై ఏళ్లు దాటాలి. పెద్దవాళ్లకే ఈ గాయం తప్పడం లేదు: 1973లో డెన్నిస్ లిల్లీ, 2019లో జస్‌ప్రీత్ బుమ్రా దీనివల్లే ఆటకు దూరమయ్యారు.

అపోహ: టెన్నిస్ బంతి తేలిక, దాని ఓవర్లు లెక్కలోకి రావు.

క్రికెట్ బంతి దాదాపు 160 గ్రాములు, టెన్నిస్ బంతి 60 గ్రాముల లోపే. అయితే నడుము మీద పడే భారం బంతి బరువుది కాదు. పరుగుది, కాలు మోపే ఊపుది. అది రెండింటికీ ఉన్నదే. బాగేపల్లి, చింతామణి వైపు సెలవుల్లో టెన్నిస్ బంతి టోర్నమెంట్లు ఆడి, సాయంత్రం కోచింగ్ నెట్స్‌కు వెళ్లే కుర్రాడికి రెండు చోట్లా వేసిన ఓవర్లు కలిపే లెక్కించాలి. కోచ్‌కు నెట్స్ ఓవర్లే తెలుస్తాయి. అసలు చిక్కు అక్కడే.

అపోహ: ఓవర్లకు హద్దు పెడితే బౌలర్ ఎదగడు.

ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు చాలాకాలం అమలు చేసిన నిబంధనల్లో 13 ఏళ్లలోపు పేసర్‌కు ఒక స్పెల్‌లో 5, రోజుకు 10 ఓవర్లే. 14, 15 ఏళ్లవారికి 6, 12. ఆ దేశంలో ఫాస్ట్ బౌలర్లకు కొరత రాలేదు. అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌ను నడిపే లిటిల్ లీగ్ కూడా 2007 నుంచి ఇన్నింగ్స్‌లను కాక విసిరిన బంతులనే లెక్కిస్తోంది. 11, 12 ఏళ్లవారికి రోజుకు 85 బంతులు హద్దు.

అపోహ: గాయాలకు కారణం వంపు బంతులే.

బేస్‌బాల్‌లో కర్వ్‌బాల్ మోచేతిని పాడుచేస్తుందన్న భయం చాలా పాతది. పరిశోధనలు మాత్రం వంపు కంటే బంతుల సంఖ్యనూ, అలసిపోయాక కూడా విసరడాన్నీ ఎక్కువగా తప్పుపట్టాయి. స్వింగ్ నేర్చుకున్నంత మాత్రాన క్రికెట్ కుర్రాడి నడుము దెబ్బతినదు. భుజాలు ఒకవైపు, తుంటి మరోవైపు తిరిగే కలగలుపు యాక్షనే ప్రమాదం.

అపోహ: ఎక్స్‌రేలో ఏమీ లేదంటే ఆడొచ్చు.

తొలిదశ పగుళ్లు చాలావరకు ఎక్స్‌రేకు అందవు, ఎంఆర్ఐలో తేలతాయి. ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగినప్పుడు నడుములో ఒకవైపు నొప్పి పొడిస్తే అనుమానించాల్సిందే. మొదట్లోనే పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో ఎముక అతుక్కుంటుంది. నొప్పి మాత్ర వేసి ఆడిస్తే పగులు పెద్దదవుతుంది.

తల్లిదండ్రులూ, కోచ్‌లూ ఒక నోటుబుక్కు పెట్టి మ్యాచ్, నెట్స్, వీధి ఆట అన్నింటి ఓవర్లూ రాయండి. నడుము నొప్పి అన్న పిల్లవాడిని డాక్టరు చూసేదాకా అతని చేతికి బంతి ఇవ్వకండి.