స్పష్టం - ఎవరికి?

మన విమర్శ వ్యాసాల్లో తరచుగా ఎదురయ్యే మాట ‘ఇది సుస్పష్టం’. దాని వెనకే ‘నిర్వివాదాంశం’, ‘జగద్విదితం’, ‘వేరే చెప్పనక్కరలేదు’ బారులు తీరతాయి. సాధారణంగా ఈ మాటలు వచ్చిన చోటే నిరూపణ ఆగిపోతుంది. తరగతిలో నేనూ ఈ తప్పు చేశాను. ‘స్పష్టమే కదా’ అంటే పిల్లలంతా ‘అవునండీ’ అన్నారు. మర్నాడు అదే పాఠం మీద ప్రశ్న ఇస్తే సగం కాగితాలు ఖాళీ!

అసలీ మాటల పుట్టుక చూద్దాం. ‘స్పష్టం’ అనే సంస్కృత పదానికి మూలం చూడటమనే అర్థమున్న ధాతువు. ‘కరతలామలకం’ అంటే అరచేతిలోని ఉసిరికాయ. రెండూ కంటికి కనబడటాన్నే చెబుతాయి. తెలుగు మాటలు మరో అడుగు ముందుకు వేశాయి. మడ్డి అడుక్కి దిగాక పైన మిగిలేది ‘తేట’. ‘తెల్ల’, ‘తెలియు’, ‘తెలివి’ ఒకే ధాతువు బిడ్డలు. అందుకే ‘తెలుపు’ రంగుకూ పేరే, చెప్పడానికీ పేరే. ‘అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు’ అనే నుడికారంలో ఒలిచినవాడి శ్రమ కూడా ఉంది. నీరు తేరుకోవాలి, పండు ఒలవాలి. స్పష్టత ఒక పనికి ఫలితమని జనం ఎరుగుదురు.

ఆలంకారికులకూ ఈ శ్రమ సంగతి తెలుసు. ద్రాక్ష, కదళీ, నారికేళ పాకాలంటూ పాఠకుడు పడే శ్రమను బట్టి కవిత్వాన్ని విభజించారు. అయితే వారి పాఠకుడు చదువుకున్న సహృదయుడు. చదువుకు నోచుకోనివారి మాట ఆ లెక్కలోకి రాలేదు. 1897లో ‘కన్యాశుల్కం’ అచ్చు వేస్తూ గురజాడ వాడుకభాషను సమర్థించినప్పుడు, తర్వాత గిడుగు వ్యావహారికం కోసం పోరాడినప్పుడు, ఎవరికి అర్థం కావాలన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

ఆ నాటకమే మరో సంగతి నేర్పుతుంది. ఆడపిల్లను డబ్బుకు ముసలివాడికి కట్టబెట్టడం ఆ కాలంలో ఎందరికో వివరణ అక్కరలేని ఆచారం. అందరూ మామూలే అనుకున్నదాన్ని గురజాడ రంగస్థలం మీద పెట్టి ప్రశ్నగా మార్చాడు. ‘చెప్పనక్కరలేదు’ అని సమాజం అనుకునేచోటే రచయిత చెప్పవలసింది ఎక్కువ.

కనుక ‘సుస్పష్టం’ అని రాసే ముందు విమర్శకుడు ఎవరికి, ఎందువల్ల అని తనను తాను ప్రశ్నించుకోవాలి. పండు ఒలిచి చేతిలో పెడితే, ఇది పండు అని వేరే చెప్పనక్కరలేదు.