పాడె ముందు మౌనానికీ కులముందా?

పెళ్లికి పిలిస్తేనే వెళ్లాలి, చావుకు పిలవకపోయినా వెళ్లాలి అంటారు పెద్దలు. ముక్కూముఖం తెలియని వారి దుఃఖం ఎదుట ఎలా మెలగాలో చెప్పే అలిఖిత నియమావళి తెలుగు పల్లెల్లో ఏనాటి నుంచో ఉంది. పాడె ఎదురైతే బండి దిగి పక్కన నిలబడతారు. తలగుడ్డ తీసి, చెప్పులు విడిచి దండం పెడతారు. దారిలోని దుకాణాల తలుపులు సగం మూస్తారు. శవం లేచేదాకా ఆ వీధిలో పొయ్యి రాజేయరు. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, పోయినవారి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలిచే వేళ దారినపోయేవారు సైతం నోరు మెదపరు. చావింటి నుంచి కదిలేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అనరు.

పోయినవారెవరని ఆరా తీయకుండానే అందించే గౌరవమిది. అందుకే దీన్ని మన నాగరికతకు నిదర్శనంగా చెప్పుకుంటాం. అయితే పల్లెలో ఆరా తీయవలసిన అవసరమే ఉండదు. పాడె ఏ వాడ నుంచి వస్తోందో, ఏ దారి పట్టిందో చూస్తే చాలు, కులం తెలిసిపోతుంది. తెలిసిన మరుక్షణం మర్యాద మారిపోతుంది. ఊరి పెద్ద శవానికి తలుపులు మూసుకున్న దుకాణం, మాలపల్లె శవం వెళ్తుంటే బేరం ఆపదు. చాలాచోట్ల ఆ శవం ప్రధాన వీధిలోకి రావడమే నేరమవుతుంది.

గ్రామ అధ్యయనానికి వెళ్లే నా విద్యార్థులను ఊరి పటం గీయమంటే బడి, గుడి, చెరువు గుర్తిస్తారు. శ్మశానాలు ఎన్ని, వాటికి దారి ఎటు అని అడిగినప్పుడే ఊరి అసలు పటం బయటపడుతుంది. ఒక కులం శ్మశానానికి రోడ్డు ఉంటుంది. మరో కులం శ్మశానానికి పొలం గట్టే దిక్కు. నాట్లు పడ్డాక ఆ గట్టూ మిగలదు.

అందరి చావులనూ ఊరికి చాటింది మాదిగ డప్పు. చావు కబురు మోసుకెళ్లిందీ, కాటిలో కాపలా కాసిందీ దళితులే. ఇతరుల దుఃఖాన్ని గౌరవించడం వారికి వెట్టిగా విధించిన సమాజం, వారి దుఃఖం ఎదుట నిలబడటాన్ని మాత్రం తన బాధ్యత అనుకోలేదు. చావు డప్పు కొట్టబోమన్న యువకుడు ఆచారాన్ని అవమానించాడని నిందించేవారు ఈ లెక్క కూడా చూడాలి. ఒక పక్షానికే విధిగా మారిన మర్యాదను సంస్కృతి అనలేం.

మరణం అందరినీ సమం చేస్తుందన్న మాట మనకు ఇష్టమైన ఓదార్పు. అంటరానితనాన్ని అనుభవించిన జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో చేరి, దశాబ్దాల పాటు ఊరూరా మార్మోగాయి. వన్స్‌మోర్‌లు కొట్టి కన్నీరు పెట్టిన ప్రేక్షకులు, తెల్లవారాక కాటిలో గిరి గీసే ఉంచారు.

చట్టం ఈ గిరిని ఏనాడో చెరిపింది. శ్మశాన ప్రవేశాన్ని అస్పృశ్యత పేరిట అడ్డుకోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ దాన్ని మరింత స్పష్టం చేసింది. గౌరవంగా చూడబడే హక్కు మృతదేహానికీ వర్తిస్తుందని 1995లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2019 ఆగస్టులో తమిళనాడులోని వాణియంబాడి సమీపంలో, దారి ఇవ్వనందున ఒక దళితుని శవాన్ని వంతెన మీది నుంచి తాళ్లతో కిందికి దించవలసి వచ్చింది. మద్రాసు హైకోర్టు తనంతట తానుగా ఆ విషయాన్ని విచారణకు స్వీకరించింది.

అపరిచితుల దుఃఖాన్ని తమదిగా చేసుకున్న సంప్రదాయం కూడా మనకుంది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు బాధితుల దగ్గరికి ఎక్కడెక్కడి నుంచో విద్యార్థులు, రచయితలు, కార్యకర్తలు వెళ్లారు. చుండూరు మృతులను ఖననం చేసిన నేల రక్తక్షేత్రమైంది. చనిపోయినవారిని కళ్లారా చూడనివారు కూడా ఆగస్టు 6న అక్కడ తల వంచుతారు. ఆ పరామర్శ ఉద్యమంగా మారింది. నేటి నాయకుల పరామర్శ తరచుగా కెమెరా ముందు చెక్కు అందించడంతో ముగుస్తోంది. చావింట్లో చెప్పులు విడిచి, వారు కూర్చున్న నేల మీదే కూర్చుని, వారు మాట్లాడేదాకా ఆగాలన్న పల్లె మర్యాద మన పార్టీలకు మళ్లీ నేర్పవలసి ఉంది.

గ్రామసభలు చేయగల పనులున్నాయి. ప్రతి శ్మశానానికీ దారిని రెవెన్యూ రికార్డుకెక్కించాలి. కొత్తగా కేటాయించే స్థలం ఏ కులం పేరునా ఉండరాదు. డప్పు కొట్టడం కళాకారుని ఇష్టం మీద, తగిన ప్రతిఫలంతో సాగాలి. వీటికి తీర్మానాలు కావాలి. ఏ వాడ పాడె వచ్చినా బండి ఆపి నిలబడటానికి మాత్రం ఏ తీర్మానమూ అక్కర్లేదు.