పలక ప్రక్కన పళ్ళెం: బాలల చదువుకు కామరాజ్ వేసిన బాట

"విద్య లేనివాడు వింత పశువు" అన్న సామెతను మనమందరం చిన్ననాటి నుండి వింటూనే ఉన్నాము. అయితే ఉదయం నుండి ఏమీ తినని బాలునికి ఈ సామెత వినిపించి ప్రయోజనమేమి? ముందు వాని కడుపు నిండాలి, ఆ తరువాత గదా అక్షరం తలకెక్కేది! ఇంత చిన్న సత్యాన్ని గ్రహించడానికి గొప్ప పాండిత్యం అక్కరలేదు. కాని దానిని ప్రభుత్వ ఉత్తరువుగా, లెక్కల పద్దుగా, వేలాది పాఠశాలల్లో రోజూ వెలిగే పొయ్యిగా మార్చడానికి మాత్రం ఒక మహనీయుడు కావలసి వచ్చాడు. ఆయనే కె. కామరాజ్. ఆయనను గురించి నాకు తెలియజెప్పినది ఏ గ్రంథమూ కాదు, మన సంస్థలో నాతో పనిచేసిన ఒక ఫోర్‌మన్.

సైటులో ఒక సాయంకాలం

1994లో నేను ఒక విద్యుత్ కేంద్ర నిర్మాణ స్థలంలో బాయిలర్ ఎరెక్షన్ పనులు చూస్తున్నాను. అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయినది. సైటులోని టీ దుకాణం నుండి పదేళ్ళ బాలుడొకడు రోజూ గ్లాసులు మోసుకొని వచ్చేవాడు. ఒకనాడు వానిని, "బడికి ఎందుకు పోవడం లేదురా?" అని అడిగాను. వాడు ఏ మాత్రం తడుముకోకుండా, "బడిలో అన్నం పెడతారా సార్?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. వాని చేతిలో పది రూపాయల నోటు పెట్టి, నా డ్రాయింగులలో తల దూర్చుకున్నాను.

ప్రక్కనే ఉన్న మా ఫోర్‌మన్ ఇదంతా చూస్తున్నాడు. ఆయనది తమిళనాడులోని కోవిల్‌పట్టి ప్రాంతం. అక్కడి నల్లరేగడి నేలల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఆయనదీ ఒకటి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. వెల్డింగులో ఆయన చేయి తిరిగినవాడు. ఎక్స్‌రే తీస్తే ఆయన అతుకులో లోపం కనిపించేది కాదు.

"సార్, తమరడిగిన ప్రశ్నే మా ముఖ్యమంత్రి కూడా ఒక పిల్లవాణ్ణి అడిగినారంట. వాడూ ఇదే జవాబు చెప్పినాడంట. ఆయన మాత్రం రూపాయి ఇచ్చి పోలేదు సార్. బడిలో అన్నం పెట్టించినారు. ఆ అన్నం తిన్నవాణ్ణే నేను" అన్నాడాయన.

ఆయన మాటలో నిష్ఠురం లేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చదువు ఆగిపోయిన బాలుడు

కామరాజ్ 1903 జూలై 15న నేటి విరుదునగర్‌లో జన్మించారు. తండ్రి కుమారస్వామి, తల్లి శివకామి అమ్మాళ్. ఆరేళ్ళ ప్రాయంలోనే తండ్రిని కోల్పోయిన ఆ బాలుడు పన్నెండేళ్ళు నిండకముందే బడి మానుకొని మేనమామ బట్టల దుకాణంలో పనికి కుదరవలసి వచ్చింది. ఆపైన స్వాతంత్ర్యోద్యమం, కారాగారవాసం. వివిధ దశల్లో ఆయన జైళ్ళలో గడిపిన కాలం ఎనిమిదేళ్ళకు పైమాటే. వివాహం చేసుకోలేదు. సొంత ఆస్తి కూడబెట్టలేదు.

1954లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి పదవి ఆయనను వరించింది. శాసనసభా పక్షంలో జరిగిన ఎన్నికలో తనపై పోటీ చేసి ఓడిపోయిన సి. సుబ్రహ్మణ్యం గారినే మంత్రివర్గంలోకి తీసుకొని, విద్య, ఆర్థిక శాఖలు రెండూ ఆయనకే అప్పగించారు. అప్పటికి తాను శాసనసభ్యులు కారు గనుక గుడియాత్తం ఉప ఎన్నికలో నిలబడి గెలిచారు. మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆవలనే ఉన్న పట్టణమది. ఆ తరువాత 1957, 1962 సంవత్సరాలలో సాత్తూరు నుండి ఎన్నికయ్యారు.

పదవిలోకి వచ్చిన వెంటనే చేసిన పని ఒకటున్నది. అంతకుముందు 1953లో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక విద్యలో ఒక మార్పు తెచ్చింది. పిల్లలు ఒక పూట మాత్రమే బడిలో ఉండి, మిగిలిన సమయంలో తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకోవాలన్నది దాని సారాంశం. కమ్మరి కొడుకు కమ్మరిగానే, చాకలి కొడుకు చాకలిగానే మిగిలిపోవడానికి ఇది దారితీస్తుందని తీవ్రమైన నిరసన చెలరేగింది. 1954 మే నెలలోనే కామరాజ్ ప్రభుత్వం ఈ పథకాన్ని విరమించింది.

పది పైసల భోజనం

అడ్డంకి తొలగించినంత మాత్రాన పిల్లలు బడికి రారు. మూడు నాలుగు వందల జనాభా గల చిన్న పల్లెకు సైతం నడిచిపోగల దూరంలో బడి ఉండాలని ఆ ప్రభుత్వం సంకల్పించింది. బడులు తెరిచారు, ఉపాధ్యాయులను నియమించారు. అయినా పేదల పిల్లలు గొర్రెల వెంట, పశువుల వెంటనే తిరుగుతున్నారు. రైల్వే గేటు వద్ద కారు ఆగినప్పుడు పశువులు కాసే పిల్లవానితో కామరాజ్ మాట్లాడారని, వాడు అన్నం మాట ఎత్తాడని మా ఫోర్‌మన్ చెప్పిన కథ తమిళనాట ఇంటింటా వినిపిస్తుంది.

నిజానికి ఈ ఆలోచనకు మరింత పాత బీజం ఉన్నది. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని తన పాఠశాలలో పిల్లలకు ఉచితంగా ఫలహారం పెట్టడం ఆరంభించింది. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టి. టి. నగర్ పేరులోని త్యాగరాయలు ఈయనే, మన తెలుగువారే. నిధుల విషయమై నాటి ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో ఆ పని కొంతకాలం నిలిచిపోయింది. ఒక నగరంలో చిగురించిన ఆ మొక్కను రాష్ట్రమంతటా నాటిన ఘనత కామరాజ్‌ది.

ఇక్కడ ఆయన అనుసరించిన పద్ధతి ఇంజనీరుగా నన్ను ఆకర్షించింది. ముందు ఖజానా తలుపు తట్టలేదు, ఊరి తలుపు తట్టారు. విద్యాశాఖ సంచాలకులు ఎన్.డి. సుందరవడివేలు ఊరూరా తిరిగి, గ్రామస్థుల బియ్యం, పప్పు, కట్టెలతోనే బడులలో భోజనం ఏర్పాటు చేయించారు. 1956లో సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఎట్టయపురంలో కామరాజ్ స్వయంగా భోజన పథకాన్ని ప్రారంభించారు. ఊళ్ళు ముందుకు వచ్చిన తరువాతనే ప్రభుత్వం తన వాటా కలిపింది. ఒక్కొక్క భోజనానికి పది పైసల ఖర్చు. అందులో ఆరు పైసలు ప్రభుత్వానివి, నాలుగు పైసలు ఊరివి.

ఈ నాలుగు పైసలలోనే కిటుకంతా ఉన్నది. తన డబ్బు పడిన గిన్నెలో ఏమి ఉడుకుతున్నదో ఊరు తప్పక చూస్తుంది. మనము యంత్రానికి ఎన్ని రక్షణ సాధనాలు అమర్చినా, దానిని తనదిగా భావించే ఆపరేటరు లేనిదే అది పదికాలాలు నడవదు గదా! 1958 నుండి జరిగిన పాఠశాలాభివృద్ధి మహాసభలలోనూ ఇదే సూత్రం కనబడుతుంది. ఊరివారు స్థలం, గదులు, బల్లలు, గడియారాలు బడికి సమర్పించుకునేవారు. 1961లో 'కేర్' సంస్థ పాలపొడి, నూనె వంటివి అందించి తోడ్పడింది. పిల్లల దుస్తులలో పేద, ధనిక భేదం కనబడకుండా సమవస్త్రాలు కూడా వచ్చాయి.

జనాభా లెక్కల ప్రకారం నేటి తమిళనాడు ప్రాంతంలో 1951లో సుమారు 21 శాతంగా ఉన్న అక్షరాస్యత 1961 నాటికి 31 శాతానికి చేరింది. మా ఫోర్‌మన్ ఆ లెక్కలో ఒక అంకె. తండ్రి కూలివాడు, తల్లి నిరక్షరాస్యురాలు. "అన్నం కోసమే పోయినాను సార్, అక్షరం ఊరికే వచ్చింది" అనేవాడాయన నవ్వుతూ. ఆ అక్షరమే ఆయనను ఐ.టి.ఐ.కి, అక్కడి నుండి మన సంస్థకు చేర్చింది.

ఆయన నాటిన చెట్టు

1963 అక్టోబరు 2న కామరాజ్ తానే ప్రతిపాదించిన పథకం మేరకు ముఖ్యమంత్రి పదవిని విడిచి పార్టీ పనికి వెళ్ళిపోయారు. 1967లో సొంత ఊరు విరుదునగర్‌లో పోటీ చేసి, ఒక విద్యార్థి నాయకుని చేతిలో స్వల్ప తేడాతో ఓడిపోయారు. విధి వైపరీత్యమని కొందరంటారు. నాకు మాత్రం ఇందులో మరొక అర్థం స్ఫురిస్తుంది. చదువు నేర్పినవాడు ఆ చదువు తనకే ఓటు వేయాలని కోరరాదు. సొంతంగా ఆలోచించే తరాన్ని తయారుచేయడమే అసలైన విద్య. 1975 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడు దేశం ఆయనకు భారతరత్న సమర్పించింది.

ఆయన వెలిగించిన పొయ్యి ఆరలేదు. 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వం ఈ పథకాన్ని పౌష్టికాహార పథకంగా విస్తరించింది. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ వర్తించే పథకాన్ని ఆరంభించింది. వండిన భోజనమే పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించగా, 2003లో మన రాష్ట్రంలోనూ బడిలో అన్నం ఉడికింది. 2006 నుండి తమిళనాడు ఆయన జన్మదినాన్ని విద్యాభివృద్ధి దినంగా జరుపుకుంటున్నది. 2022లో అక్కడి ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు ఫలహారం కూడా మొదలైనది.

మన వంతు నాలుగు పైసలు

మా ఫోర్‌మన్ 2008లో పదవీ విరమణ చేశారు. వీడ్కోలు సభలో ఆయనకు మాట్లాడమని మైకు ఇస్తే, రెండు ముక్కలు చెప్పి కూర్చున్నారు. తన కుమార్తె ఉపాధ్యాయురాలైనదని ఒకటి. తాను తిన్న అన్నం అప్పు ఆ విధంగా కొంత తీరుతున్నదని రెండవది. సభలో చప్పట్లు మ్రోగాయి. నాకు మాత్రం టీ గ్లాసుల బాలుడు జ్ఞాపకం వచ్చాడు.

వాడు ఏమైనాడో నాకు తెలియదు. ఆ సైటులో పని ముగిసిన తరువాత నేను మరల అటు వెళ్ళలేదు. వాడడిగిన ప్రశ్నకు జవాబు ఈ దేశం తరువాత చెప్పింది గాని, ఆనాడు వాని ఎదుట నిలబడిన నేను చెప్పలేకపోయాను. ఆ సైటులో మాకు పెద్ద క్యాంటీను ఉండేది. ప్రక్క ఊరిలో బడి ఉండేది. ఆ రెంటినీ కలిపే ఆలోచన ఒక్క నిమిషమైనా నా బుర్రకు తట్టలేదు.

మన టౌన్‌షిప్పుల ప్రహరీ గోడలకు ఆవల నేటికీ ప్రభుత్వ పాఠశాలలున్నాయి. అక్కడ అన్నం ఉన్నది, పుస్తకాలున్నాయి. అయినా పై తరగతులకు వచ్చేసరికి బడి మానే పిల్లలు ఇంకా ఉన్నారు. మన ఇళ్ళలో పనిచేసే అమ్మల పిల్లలు, కాంట్రాక్టు కార్మికుల పిల్లలు వారిలో లేరని చెప్పగలమా? ప్రభుత్వం తన ఆరు పైసలు వేస్తున్నది. సెలవు దినాన ఒక గంట లెక్కలు చెప్పడమో, హైస్కూలు దూరమైన పిల్లకు సైకిలు కొనివ్వడమో మన వంతు నాలుగు పైసలు. ఈసారి ఎవరైనా ఒక పిల్లవానిని "బడికి ఎందుకు పోవడం లేదు?" అని అడిగితే, వాడు చెప్పే జవాబును చివరి వరకు వినండి. నేను వినకుండా తల దించుకున్నాను గనుక ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది.