కొట్టివేత కనిపించని పట్టికకు జ్ఞాపకశక్తి

రికార్డులో రెండెకరాలుగా ఉన్న భూమి ఒకనాడు ఎకరా ముప్పై గుంటలుగా కనిపిస్తే రైతు అడిగేవి మూడే ప్రశ్నలు. అంతకుముందు ఎంత ఉంది? ఎప్పుడు మారింది? ఎవరు మార్చారు? కాగితపు పహాణీలోనైతే కొట్టివేత కంటికి కనిపించేది. కంప్యూటరు పట్టికలో పాత అంకెపై కొత్త అంకె నమోదైతే, ప్రత్యేక ఏర్పాటు లేనిపక్షంలో పాతది ఆనవాలు లేకుండా పోతుంది. తెలంగాణలో 2020లో ధరణి, 2025లో భూభారతి పోర్టళ్లు వచ్చి భూముల లెక్కలు ఆన్‌లైన్‌కు చేరిన నేపథ్యంలో, డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో వచ్చిన ఈ మార్పులు గ్రామీణులూ తెలుసుకోదగినవే.

ప్రోగ్రాములు రాసేవారికి ఇటువంటి సౌకర్యం కొత్తేమీ కాదు. లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్, ప్రోగ్రాములో ఏ పంక్తిని ఎవరు ఎన్నడు మార్చారో చూపుతుంది. డేటాబేస్‌ల విషయానికొస్తే, పాత వరుసలను భద్రపరిచే విధానానికి 2011లో ఎస్‌క్యూఎల్ ప్రమాణాల్లో చోటు దక్కింది. దీనిని ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016లో, మరియాడీబీలో 2018లో చేర్చారు.

ఇందులో ప్రతి వరుసకూ మొదలు, ముగింపు అని రెండు సమయాలు ఉంటాయి. మార్పు జరగగానే పాత వరుస ముగింపు సమయంతో సహా భద్రంగా పక్కకు చేరుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దానికి చరిత్ర పట్టిక అని వేరే పట్టికే ఉంటుంది. ఫలానా తేదీ నాటికి ఈ సర్వే నంబరులో విస్తీర్ణమెంత అని అడిగితే ఆనాటి అంకెనే చూపుతుంది.

ఎవరు మార్చారు?

అసలు చిక్కు ఇక్కడే. చరిత్ర పట్టిక ఎప్పుడు మారిందో చెబుతుంది గానీ, ఎవరు మార్చారన్నది దానంతటది చెప్పదు. పైగా పూర్తి అధికారాలున్న నిర్వాహకుడు చరిత్ర నమోదును ఆపి, పాత వరుసలను దిద్ది, మళ్లీ ప్రారంభించగలడు. ఈ లోటును పూడ్చేందుకే ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022లో లెడ్జర్ పట్టికలను ప్రవేశపెట్టారు. మార్పులకు షా-256 అనే గణిత పద్ధతిలో ముద్రలు తయారై, ముందరి ముద్రలతో గొలుసుకట్టుగా ముడిపడతాయి. నడుమ ఒక్క అంకె దొంగచాటుగా దిద్దినా తనిఖీలో ముద్రలు సరిపోలవు. మార్పు చేసిన లాగిన్ పేరూ నమోదవుతుంది.

అయితే ఇది దొంగతనాన్ని పట్టిస్తుందే తప్ప ఆపదు. తాజా ముద్రను ఎప్పటికప్పుడు ఆ డేటాబేస్ వెలుపల, నిర్వాహకుడి చేయి సోకనిచోట ఉంచాలి. లేకుంటే తాళంచెవిని తాళానికే వేలాడదీసినట్లు. ఇక కార్యాలయంలో నలుగురూ ఒకే లాగిన్‌తో పనిచేస్తుంటే, ఎంత కొత్త డేటాబేస్ అయినా ఆ ఒక్క పేరునే చూపుతుంది. రైతు మూడో ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.