ఇన్నేట్ నుంచి ఫిత్రత్ వరకు: కొన్ని మాటల మూలాలు

ఇన్నేట్, ఇన్‌హెరెంట్, ఇంట్రిన్సిక్ – మనిషిలోని, వస్తువులోని లోపలి గుణాన్ని తెలిపే ఈ మూడు ఆంగ్ల పదాలకూ మనం తరచు ‘సహజమైన’ అనే ఒక్క అర్థంతోనే సరిపెట్టుకుంటాము. మామూలు రచనల్లో దీనివల్ల పెద్ద నష్టం లేదు. కాని దివ్య ఖుర్ఆన్‌లోని ‘ఫిత్రత్’ వంటి పదం ఆంగ్లం మీదుగా తెలుగులోకి వచ్చేటప్పుడు ఈ తేడాలు తెలియకపోతే భావమే మారిపోతుంది.

ఇన్నేట్‌కు మూలం పుట్టుటను తెలిపే లాటిన్ క్రియ. నేచర్, నేటివ్, నేషన్ కూడా ఆ ఇంటి బిడ్డలే. సంస్కృతంలో ‘సహజం’ అన్నా తనతోపాటు పుట్టినదనే గనుక, ఈ జంట చక్కగా కుదిరింది. ఇన్‌హెరెంట్‌లో పుట్టుక ప్రసక్తే లేదు. దాని ధాతువుకు అంటుకొని ఉండుట అని అర్థం. జిగురును తెలిపే అడ్హీసివ్, తటపటాయింపును తెలిపే హెజిటేట్ ఆ ధాతువు నుంచి వచ్చినవే. కాలు అతుక్కుపోయినవాడు ముందుకు కదలలేడు గదా! గాజును పెళుసుదనం విడిచిపోదు. అటువంటి గుణం ఇన్‌హెరెంట్. ఇంట్రిన్సిక్ అంటే మూలంలో ‘లోపలివైపున’ అని మాత్రమే. నాణెంలోని వెండికి ఉన్న విలువ అటువంటిది, పైన వేసిన ముద్రది కాదు.

ముద్ర అనగానే క్యారెక్టర్ గుర్తుకు వస్తుంది. గ్రీకులో అది చెక్కే పనిముట్టు, నాణెం మీది అచ్చు. అరబీలో స్వభావాన్ని తెలిపే ‘తబీఅత్’ కూడా ముద్ర వేయుట అనే ధాతువు నుంచే రావడం గమనార్హం. టెంపరమెంట్, మిజాజ్‌ల సంగతీ ఇంతే. రెండింటికీ మూలార్థం కలపడం. శరీరంలోని నాలుగు ద్రవాల పాళ్లను బట్టి మనిషి తీరు ఉంటుందన్న గ్రీకు వైద్యం వాటి వెనుక ఉంది. యునానీ హకీములు నేటికీ మిజాజ్ చూస్తారు.

ఇక ఫిత్రత్. దీని ధాతువుకు చీల్చుట, మొట్టమొదట చేయుట అని అర్థాలు. ఒక బావి విషయమై ఇద్దరు ఎడారివాసులు తగవులాడుతూ, వారిలో ఒకడు “దీన్ని మొదలుపెట్టింది నేనే” అనడానికి ఈ క్రియనే వాడగా విన్న తర్వాతనే ‘ఫాతిర్’ అర్థం తనకు తెలిసిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు వ్యాఖ్యాతలు ఉల్లేఖించారు. ఇన్నేట్‌లో పుట్టిన శిశువు మాత్రమే కనిపిస్తాడు. ఫిత్రత్‌లో చేసినవాడు కూడా ఉన్నాడు. అందుకే అర్‌రూమ్ సూరా 30వ ఆయత్‌ను అనువదిస్తూ, హైదరాబాద్ నిజాం కొలువులో పనిచేసిన పిక్తాల్ 1930లో నేచర్ అని రాసి కూడా, అది అల్లాహ్ రూపొందించినదని తెలిపే ఒక మాటను కుండలీకరణాల్లో చేర్చవలసి వచ్చింది. యూసుఫ్ అలీ చేతిపని, నమూనా అనే అర్థాలిచ్చే మాటలను ఎంచుకున్నారు. నాకు ఆయన మార్గమే మేలనిపిస్తుంది.

తెలుగులో ‘సహజ స్వభావం’ అంటే మరో చిక్కు ఉంది. కోపం, పిసినారితనం కూడా మన వాడుకలో సహజాలే. పైగా పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదని సామెత. ప్రతి శిశువూ ఫిత్రత్ పైనే పుడుతుందని, తర్వాత తల్లిదండ్రులు దానిని మరో దారి పట్టిస్తారని హదీసు. సామెత చెప్పే బుద్ధి వదలని జాడ్యం; హదీసు చెప్పే ఫిత్రత్ పెంపకంలో మరుగున పడగల మేలిమి. రెండింటికీ ఒకే మాట వాడితే పాఠకునికి హదీసులోనూ సామెతే వినిపిస్తుంది. అందువల్ల ఈ పదం మొదటిసారి వచ్చిన చోట ‘సృష్టికర్త మలచిన స్వభావం’ అని విప్పి చెప్పి, ఆపైన ఫిత్రత్ అనే ఉంచుతున్నాను. వాక్యం కొంత పొడవవుతుంది, నిజమే.