కోడెదూడతో పుట్టిన పెయ్య

ఆవుకు కవలలుగా కోడెదూడ, పెయ్య పుడితే ఆ పెయ్య నూటికి 90కి పైగా సందర్భాల్లో చూలు కట్టదు. దీన్ని ఫ్రీమార్టిన్ అంటారు. ఫలదీకరణలో దానికి వచ్చినవి రెండు ఎక్స్ క్రోమోసోములే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

గర్భంలో రెండు పిండాల జరాయువుల రక్తనాళాలు కలిసిపోతాయి. కోడె పిండంలో వృషణాలు ముందుగా ఏర్పడి యాంటీ ముల్లేరియన్ హార్మోన్‌ను స్రవిస్తాయి. గర్భాశయంగా మారవలసిన ముల్లేరియన్ నాళాలను క్షీణింపజేయడం దాని పని. కోడెకు అది అవసరమే. రక్తంతో పాటు పెయ్య పిండాన్ని చేరినప్పుడు మాత్రం దాని నాళాలనూ అండాశయాలనూ ఎదగనివ్వదు. కారణం రక్తంలోని హార్మోన్లేనని ఫ్రాంక్ లిల్లీ 1916లోనే వివరించాడు; అప్పటికి ఈ హార్మోన్‌కు పేరైనా లేదు.

మీ ఇంట్లో ఆడ, మగ కవలలుంటే కంగారు పడకండి. మనుషుల్లో ఆ రక్తనాళాలు సాధారణంగా కలవవు. పాడిరైతుకు మాత్రం ఇది మేత ఖర్చుతో ముడిపడిన విషయం. పైకి మామూలుగా కనిపించే పెయ్యను ఏళ్ల తరబడి మేపనక్కర్లేదు. యోనిమార్గం పొట్టిగా ఉందేమో చూసి పశువైద్యుడు తొలి వారాల్లోనే చాలావరకు చెప్పగలడు.